డెల్ ఆప్టిప్లెక్స్ 9020: ఏం మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

ఆఫీసుల నుంచి సెకండ్ హ్యాండ్‌కి వచ్చే డెస్క్‌టాపుల్లో 2013 నాటి ఆప్టిప్లెక్స్ 9020 ఇంకా పనికొచ్చే మెషీన్. క్యూ87 చిప్‌సెట్, ఇంటెల్ నాలుగో తరం ఐ5 లేదా ఐ7 ప్రాసెసర్, మినీటవర్, ఎస్‌ఎఫ్‌ఎఫ్ మోడళ్లలో నాలుగు ర్యామ్ స్లాట్లు, గట్టి క్యాబినెట్. ఇందులో డబ్బు పెట్టాల్సినవి రెండే: ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగవంతమైన స్టోరేజ్), ర్యామ్. మిగతావాటి దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవడమే మేలు.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, సిస్టమ్ మొరాయిస్తున్నప్పుడు ఏది నిండిపోతోందో చూడండి. పాత హార్డ్‌డిస్క్ ఉంటే దాదాపు ఎప్పుడూ డిస్క్ 100 శాతమే కనబడుతుంది. ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కూర్చుని ఉంటుంది.

అందుకే మొదటి ఖర్చు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. ఈ బోర్డులో సన్నని కొత్త రకం ఎస్‌ఎస్‌డీలు బిగించే ఎం.2 స్లాట్ లేదు. కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ బిగించినా బయాస్ (ఆన్ చేయగానే నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) దాని నుంచి బూట్ చేయకపోవచ్చు, కాబట్టి ఆ దారి వద్దు. ఎస్‌ఎస్‌డీని సాటా0 పోర్టుకి పెట్టి, పాత హార్డ్‌డిస్క్‌ని ఫైళ్ల కోసం వేరే పోర్టుకి మార్చండి. పాత విండోస్‌ని క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయాలనుకుంటే ఒక చిక్కుంది: 500 జీబీ డిస్క్ కన్నా 480 జీబీ ఎస్‌ఎస్‌డీ చిన్నది. ముందే పార్టిషన్ (డిస్క్‌లో విండోస్ ఉన్న భాగం) కుదించకపోతే చాలా టూల్స్ మధ్యలోనే ఆగిపోతాయి.

ఇంకో చిక్కు బయాస్‌లో ఉంటుంది. ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, బోర్డు డిస్క్‌తో ఏ పద్ధతిలో పనిచేయాలో చెప్పే సాటా ఆపరేషన్ సెట్టింగ్ చూస్తే సాధారణంగా రెయిడ్ ఆన్ అని ఉంటుంది. కొత్తగా విండోస్ వేసేవాళ్లు దాన్ని ముందే ఒక్క డిస్క్‌కి సరిపోయే ఏహెచ్‌సీఐకి మార్చుకోవాలి. విండోస్ వేశాక మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది. అలా వచ్చినా ఫార్మాట్ చేయనక్కర్లేదు. సెట్టింగ్ మళ్లీ రెయిడ్‌కి తిప్పి లోపలికెళ్లి, సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టండి. రీస్టార్ట్ చేస్తూ ఏహెచ్‌సీఐకి మార్చండి. ఒక్కసారి సేఫ్ మోడ్‌లో పైకి వస్తే డ్రైవర్ దానంతటదే లోడవుతుంది.

ర్యామ్ డెస్క్‌టాప్ డీడీఆర్3 1600. గరిష్ఠంగా 32 జీబీ పడుతుంది కానీ బ్రౌజర్, ఆఫీసు పనికి 8, ఫొటో ఎడిటింగ్‌కి 16 చాలు. ఒకే 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీలు మేలు. ఇందులో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంది, అది ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులు ఒకేసారి పనిచేయడం) తేడా అక్కడ బాగా తెలుస్తుంది. జతని తెల్ల క్లిప్పుల స్లాట్లలో పెట్టాలి. మరీ చౌకగా దొరికే కొన్ని 8 జీబీ స్టిక్కులు ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, ఇందులో పెడితే డిస్‌ప్లే రాదు. సర్వర్ల రిజిస్టర్డ్ ర్యామ్ కూడా అంతే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పాత ర్యామ్ కొనేటప్పుడు క్యాబినెట్ వెంట తీసుకెళ్లి అక్కడే ఆన్ చేయించి చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డుని నిర్ణయించేది పవర్ సప్లై. మినీటవర్‌లో ఉన్నది 290 వాట్లు, కార్డుకి విడిగా పవర్ కేబుల్ ఉండదు. స్లాట్ నుంచే 75 వాట్లలోపు తీసుకునే జీటీ 1030 కానీ, పవర్ కనెక్టర్ లేని జీటీఎక్స్ 1050 టీఐ కానీ దాటొద్దు. పెద్ద పవర్ సప్లై పెడదామంటే బోర్డు కనెక్టర్ 24 పిన్నులది కాదు, డెల్ సొంత 8 పిన్నులది. అడాప్టర్ కొనాలి. ఇంత తతంగం ఈ వయసు మెషీన్‌కి దండగ. చిన్న క్యాబినెట్ ఎస్‌ఎఫ్‌ఎఫ్ మోడల్ అయితే పొట్టి, లో ప్రొఫైల్ కార్డులే పడతాయి. కేవలం రెండో మానిటర్ కోసమైతే కార్డే అక్కర్లేదు: వెనక వీజీఏతో పాటు రెండు డిస్‌ప్లేపోర్టులున్నాయి. హెచ్‌డీఎంఐ లేదు, కన్వర్టర్ చాలు.

ఐ5-4570 తీసి ఐ7-4790 వేయడం? కోర్లు నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఎనిమిదవుతాయి. వీడియో రెండరింగ్ చేసేవాళ్లకి తప్ప తేడా తెలియదు. ఆ డబ్బుకి మరికొంత కలిపి ఎనిమిదో తరం మెషీన్ చూడటం తెలివైన పని, ఎందుకంటే విండోస్ 11 పనిచేసే ప్రాసెసర్ల అధికారిక జాబితా ఇంటెల్‌లో, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి నుంచే మొదలవుతుంది. విండోస్ 10 సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 9020ని ఉంచుకునేవాళ్లకి విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది.

మూత తెరిచినప్పుడే ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కి చేర్చేది) తుడిచి, బఠాణీ గింజంత కొత్తది వేయండి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాతదానికి పోతుంటే సీఆర్2032 బటన్ సెల్ కూడా మార్చేయండి. సెల్ తీస్తే బయాస్ సెట్టింగులు మొదటికి రావచ్చు, సాటా ఆపరేషన్ మళ్లీ చూసుకోండి.