కర్నూలు రోడ్డు చలివేంద్రం: ఒంగోలు ఎండలో తిరిగేవాళ్ల కోసం నా రివ్యూ

ఒంగోలులో మధ్యాహ్నం పూట బయట పనులున్నవాళ్లు, ముఖ్యంగా చీమకుర్తి, పొదిలి వైపు బస్సుల కోసం నిలబడేవాళ్లు ఈ చోటు గుర్తుపెట్టుకోండి. కర్నూలు రోడ్డు పక్కన వేపచెట్టు, దాని కింద తాటాకు పందిరి, ఇసుక మీద వరసగా పెద్ద కుండలు, ఒక పాత బల్ల. ఫ్లెక్సీ లేదు, ఎవరి ఫొటో లేదు. అట్టముక్క మీద ‘మంచినీళ్లు, మజ్జిగ’ అని చేత్తో రాసి కట్టారు. ఆ వీధిలోవాళ్లు, ఆటో స్టాండు వాళ్లు, ఇద్దరు ముగ్గురు పొదుపు సంఘం అక్కలు, సెలవులకు ఇంటికొచ్చిన డిగ్రీ పిల్లలు కలిసి నడుపుతున్నారు. ఉగాదికి మొదలుపెడతారు, మృగశిర కార్తె వచ్చేదాకా ఉంచుతారు.

ఉచితంగా పోసే నీళ్లకు కూడా రివ్యూ కావాలా అని అడిగేవాళ్లు ఉంటారు. కావాలనే నా అభిప్రాయం. శుభ్రం లేని నీళ్లు తాగితే అవి కొన్నవా ఊరికే పోసినవా అని రోగం చూసుకోదు. పైగా మన జిల్లాలో ఎండంటే ఆషామాషీ కాదు, 2015 మే నెల వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు, ప్రకాశం జిల్లా బాగా దెబ్బతిన్నది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. అందుకే చలివేంద్రం బాగుందా లేదా అన్నది నాకు హోటల్ బాగుందా లేదా అన్నదానికంటే పెద్ద విషయం.

ముందు నీళ్ల సంగతి. చల్లగా ఉన్నాయి, గొంతు పట్టేసేంత ఐస్ చల్లదనం కాదు, కుండ చల్లదనం. ఇక్కడ కుండలకు రంగులు వేయలేదు, అది గమనించండి. చాలాచోట్ల అందం కోసం కుండకి తెల్లరంగో పచ్చరంగో పూసి ముగ్గులు పెడతారు, దాంతో మట్టిలో ఉండే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, చెమ్మ బయటికి రాదు, చెమ్మ ఆరితేనే కదా లోపల నీళ్లు చల్లబడేది! ఇక్కడ కుండ చుట్టూ గోనెపట్టా చుట్టి గంటకోసారి తడుపుతున్నారు, కింద ఇసుక కూడా తడిగానే ఉంచుతున్నారు. పడమటి గాలి తోలినప్పుడు నీళ్లు బ్రహ్మాండంగా ఉంటాయి. సాయంత్రం కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి మళ్లాక, ఉక్క మొదలయ్యాక అంత చల్లగా ఉండవు, అది వీళ్ల తప్పు కాదు, గాలిలో తేమ ఎక్కువైతే ఏ కుండైనా అంతే. రోజూ పొద్దున్నే కుండలు ఖాళీ చేసి కొబ్బరిపీచుతో లోపలంతా రుద్ది కడుగుతారు, సబ్బు వాడరు, మట్టి ఆ వాసన పీల్చుకుంటుందని. కుండ పాతబడి చల్లబరచడం తగ్గితే మార్చేస్తున్నారు.

నాకు బాగా నచ్చింది పోసే పద్ధతి. కుండలో ఎవరూ చెయ్యి పెట్టరు, గ్లాసు ముంచరు. కుండ మీద బట్ట, బట్ట మీద మూత, ఒకరు కూర్చుని పొడుగు కాడ గరిటెతో తీసి పోస్తారు. స్టీలు గ్లాసులు వద్దనుకుంటే దోసిలి పట్టొచ్చు, సీసా తెచ్చుకుంటే నింపుతారు. గ్లాసులు రెండు తొట్లలో కడిగి బోర్లిస్తున్నారు, ఆ కడిగిన నీళ్లు పారబోయకుండా పక్కన పశువుల తొట్టిలోకి పోయేట్టు చిన్న గొట్టం పెట్టారు. పేపర్ కప్పులు, ప్లాస్టిక్ పొట్లాలు కనపడలేదు, అందుకే ఆ చుట్టుపక్కల చెత్త కూడా లేదు.

నీళ్లు ఎక్కడివని అడిగాను, ఎవరైనా అడగాలి కూడా. ఒంగోలుకు సాగర్ కాల్వ నీళ్లే సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో నిలవపెట్టి ఇస్తారు. వీళ్లు దగ్గర్లోని ప్లాంటు నుంచి టిన్నులు తెప్పించి కుండల్లో పోస్తున్నారు, ఎవరు ఏ రోజు ఎన్ని టిన్నులకు డబ్బులిచ్చారో పలక మీద సుద్దముక్కతో రాసి ఉంది. పొదిలి, దర్శి వైపు నుంచి ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లు తిరిగి వెళ్తూ ఇక్కడ సీసాలు నింపుకుని పోవడం చూశాను. వాళ్ల ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఆ బాధ తెలిసినవాళ్లకి అది మామూలు విషయమే. మన దేశంలో నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న మన ఊళ్ల గురించే. ఇంకో మాట, కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, పోదు, నీళ్లు ఆవిరైపోయి అది ఇంకా చిక్కబడుతుంది. మట్టికుండలో పోసినా పోదు.

పొద్దున పూట రాగి అంబలి ఉంటుంది. రాత్రి కాచి పులవనిచ్చి, తెల్లారి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలుపుతారు. పనికి పోయే కూలీలు, గ్రానైట్ లారీల క్లీనర్లు దీనికోసమే ఆగుతారు, పది దాటితే దొరకదు. మధ్యాహ్నం మజ్జిగ: అల్లం, కరివేపాకు బాగానే దంచి వేస్తున్నారు కానీ పచ్చిమిరప ఎక్కువైంది, చిన్నపిల్లలు తాగలేకపోతున్నారు. కారం లేకుండా ఒక చిన్న కుండ విడిగా పెడితే సరిపోతుంది.

ఇక ఓఆర్ఎస్, అంటే ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గినప్పుడు నీళ్లలో కలిపి తాగే ఉప్పు, చక్కెర పొడి. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి. చాలా శిబిరాల్లో బకెట్ నీళ్లలో రెండు పొట్లాలు పోసి కలిపి ఇచ్చేస్తారు, అది ఉప్పనీళ్లే కానీ మందు కాదు. ఇక్కడ ఒకమ్మాయి లీటరు కొలత జగ్గు ముందు పెట్టుకుని, గీత దాకా నీళ్లు పోసి, లీటరుకి సరిపోయే పొట్లం ఒక్కటి కత్తిరించి కలిపింది. ఒకాయన “అమ్మాయ్, ఇంకాసిన్ని నీళ్లు పోసి నలుగురికీ సర్దు” అన్నాడు. “కుదరదు పెదనాన్నా, లీటరుకి పొట్లం ఒకటి, అంతకు తగ్గినా పెరిగినా ఉపయోగం లేదు. కూర్చోండి, ఇంకో జగ్గు కలుపుతా” అని నవ్వుతూనే చెప్పింది. సాయంత్రానికి మిగిలింది మర్నాటికి దాచరు, పారబోస్తారు. ఆ పిల్లకి ఎవరు నేర్పారో గానీ నూటికి నూరు మార్కులు.

నేను ఉండగానే ఒక హమాలీ బల్ల మీద కూర్చున్నవాడు పక్కకి ఒరిగిపోయాడు. మాట తడబడుతోంది, ఒళ్లు కాలిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు తాగించండి, తాగించండి అని గోల. గరిటె దగ్గర కూర్చున్న అక్క ఒప్పుకోలేదు, “స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి” అని గట్టిగా చెప్పి, చొక్కా గుండీలు తీయించి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు పెట్టించి, ఒళ్లంతా తడిపి అట్టముక్కలతో విసరమంది. ఆటో అబ్బాయి ఈలోపే 108కి ఫోన్ కొట్టేశాడు. అంబులెన్స్ ఎక్కించేటప్పటికి అతను తన పేరు చెప్పగలిగాడు. ఇంత సేవ చేసినా మళ్లీ ఏమీ జరగనట్టే గరిటె పట్టుకుని కూర్చుంది ఆవిడ. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

ఇంకో సంగతి. మా ఇంటి దగ్గర కూడా ఒక చలివేంద్రం పెట్టారు, రిబ్బన్ కత్తిరించారు, మజ్జిగ పోస్తూ ఫొటోలు దిగారు, మూణ్నాళ్ల ముచ్చట, ఇప్పుడు అక్కడ ఖాళీ కుండల్లో ఎండుటాకులున్నాయి. దప్పికతో వచ్చినవాడు ఖాళీ కుండ మూత తీసి చూసుకుని వెళ్లిపోవడం కంటే అక్కడ కుండ లేకపోవడమే నయం. కర్నూలు రోడ్డు వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఒక పొడుగాటి పుస్తకం. దాన్లో రోజుకి మూడు వంతులు, ఎవరి వంతులో వాళ్ల పేరు, రాలేకపోతే ముందురోజే చెప్పి బదులు మనిషిని పంపాలి. డబ్బులిచ్చి చేతులు దులుపుకుందామనుకున్న ఒక షాపాయనకి కూడా రిటైరైన మాష్టారు ఒకరు మర్యాదగానే “డబ్బులు సంతోషం బాబూ, మంగళవారం మధ్యాహ్నం ఒక రెండు గంటలు కూడా ఇవ్వండి” అన్నారు. ఆయన ఇచ్చాడు, మంగళవారం వచ్చి గ్లాసులు కడిగాడు కూడా. చలివేంద్రం నిలబడేది ఆ పుస్తకం మీదే అని నాకు అనిపించింది, కుండలు ఎవరైనా కొనగలరు.

లోపాలు లేవని కాదు. మూడు దాటాక నీడ అవతలి పక్కకి పోతుంది, వరసలో ఉన్నవాళ్లు ఎండలోనే నిలబడాల్సి వస్తోంది, ఇంకో రెండు తాటాకు తడికలు కడితే చాలు. ముసలివాళ్లు కూర్చోడానికి ఆ ఒక్క బల్ల చాలదు. బైకులు పందిరికి అడ్డంగా పెట్టేస్తున్నారు, కర్రలు పాతి తాడు కట్టాలి. ఆదివారం మధ్యాహ్నం మనుషుల్లేక తొందరగా కట్టేస్తున్నారు, ఆ పూట ఊళ్ల నుంచి వచ్చిన జనం ఎక్కువ ఉంటారు కాబట్టి అది నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా కనిపించింది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఇవ్వదలచుకున్నవాళ్లు నీళ్ల ప్యాకెట్ల బస్తాలు తీసుకెళ్లొద్దు, వాళ్లు తీసుకోరు, రంగు వేయని కుండలు, గోనెపట్టాలు, స్టీలు గ్లాసులు, గడువు తీరని ఓఆర్ఎస్ పొట్లాలు అయితే తీసుకుంటారు. ఆదివారం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా వంతులు ఖాళీగా ఉన్నాయి, మాష్టారు సాయంత్రం ఐదు తర్వాత పందిరి దగ్గరే ఉంటారు, పుస్తకంలో పేరు రాయించుకోండి. వచ్చే ఆదివారానికి నా పేరు రాయించాను, ఇంకొకరు తోడు కావాలి.