కోరల్ కటింగ్ కిట్: డబ్బాలో ఆరు, పనికొచ్చేవి రెండు

ఆన్‌లైన్‌లో కోరల్ ఫ్రాగ్గింగ్ కిట్, అంటే ట్యాంకులో పెంచే బతికున్న పగడాలను (కోరల్స్) ముక్కలుగా కోసే పనిముట్లు, అని వెతికితే ఒకే ఫోటోతో, రకరకాల పేర్లతో బోలెడు కిట్లు కనిపిస్తాయి. ముప్పై డాలర్ల లోపు వచ్చే అలాంటి పేరూ ఊరూ లేని కిట్ ఒకటి తెప్పించి, ఇక్కడ డాలస్‌లో మా ఇంట్లో ఉన్న 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంక్‌కి (కోరల్స్ పెంచే ఉప్పునీటి అక్వేరియం) కొన్నాళ్లుగా వాడుతున్నాను. బోన్ కట్టర్, వంకర కత్తెర, పొడుగు పట్టకారు, స్కాల్పెల్ పిడి, దానికి బ్లేడ్లు, చిన్న గ్లూ ట్యూబు, ఇంతే అందులో ఉన్నవి. బోన్ కట్టర్ ఒక్కదానికే ఆ డబ్బు పెట్టొచ్చు, స్కాల్పెల్ ఫరవాలేదు, మిగతావి డబ్బా నిండుగా కనపడాలని పెట్టినవి.

కోరల్స్ పెరగాలనే కదా ఇన్ని తిప్పలు, తీరా పెరిగాక కత్తిరించడమేంటి అని మా బావమరిది నవ్వాడు. పెరిగితే సంతోషమే, కానీ గాజుపెట్టె పెరగదు కదా. పలకలుగా పెరిగే మాంటిపోరా అనే కోరల్ గొడుగులా విచ్చుకుని కింద ఉన్నవాటికి వెలుతురు లేకుండా చేస్తుంది. ఆక్రోపోరా కొమ్మలు గుబురైపోతే లోపలికి నీటి ప్రవాహం వెళ్లక, చెత్త పేరుకుని కొమ్మల మొదళ్ల దగ్గర చచ్చిపోవడం మొదలవుతుంది, పైనుంచి చూస్తే మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది. టార్చ్ కోరల్ సంగతి ఇంకా ఘోరం, రాత్రిపూట పొడుగాటి పోగులు చాచి అందినంత దూరంలో ఉన్న పక్క కోరల్స్‌ని కుట్టేస్తుంది.

ఇక కట్టర్ విషయానికొస్తే, ఇది ఆపరేషన్ థియేటర్లో ఎముకలు కత్తిరించడానికి తయారైన పనిముట్టే. మా ఆవిడ చూసి మటన్ నల్లి కొట్టుకోవడానికి బాగుందే అంది, దాన్ని వంటింటి గడప దాటనివ్వనని అప్పుడే చెప్పేశాను, కారణం కింద రాస్తాను. పెదాలు బాగా కలుస్తున్నాయి, స్ప్రింగ్ గట్టిగానే ఉంది. వేలిలో సగం మందం ఉండే ఆక్రోపోరా కొమ్మని పట్టుకుని ఒక్కసారి నొక్కితే టక్కున విరుగుతుంది, కోసినచోట తెల్లటి గరుకు ముఖం నీటుగా కనిపిస్తుంది, పక్క కొమ్మలు చెక్కుచెదరవు.

టార్చ్, హామర్ కోరల్స్ లాంటివాటికి మాత్రం పద్ధతి ఉంది. ముందు పంపులు ఆపేసి, తలని (కొమ్మ చివర పోగులున్న మెత్తటి జీవి, దీన్నే పాలిప్ అంటారు) మెల్లగా తాకి లోపలికి ముడుచుకోనివ్వాలి. ఆ తర్వాత మాంసం ఆగిపోయిన చోటు నుంచి కనీసం అంగుళం కిందికి, ఉట్టి అస్థిపంజరం ఉన్నచోట కట్టర్ పెట్టాలి. తలకి దగ్గరగా నొక్కితే అస్థిపంజరం నిలువునా చీలుతుంది, చీలిక పాలిప్‌లోకి పోయిందంటే ఆ తల మీద ఆశ వదులుకోవాల్సిందే. బొటనవేలంత లావు కొమ్మ మీద ఈ కట్టర్ జారిపోతుంది, కొమ్మలు లేకుండా గోడలా పెరిగే హామర్ మీదైతే అసలు ప్రయత్నించొద్దు, వాటికి నీళ్లు తగులుతూ తిరిగే డైమండ్ బ్యాండ్ సా కావాలి. అది ఖరీదైన వ్యవహారం, దగ్గర్లో ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి చేయించుకోవడం నయం.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది కిట్‌లో గ్లవ్స్, కళ్లద్దాలు లేకపోవడం, దాంతో వచ్చిన కాగితంలో వాటి మాటే రాయకపోవడం. జోఆంథిడ్స్ అనే మెత్తటి రకాల్లో, ముఖ్యంగా పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది మామూలు విషం కాదు, ప్రాణాలు తీసే రకం. స్కాల్పెల్ పెట్టి కోస్తుంటే రసం కళ్లలోకి చిందే అవకాశం చాలా ఎక్కువ. చేతికి చిన్న గాటున్నా గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకుని ఉన్న రాళ్లను వేడినీళ్లలో వేయడం, ఉడకబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. కట్టర్ వంటింట్లోకి రాకూడదన్నది ఇందుకే.

కత్తెర లెదర్ కోరల్, జీనియా లాంటి మెత్తటి కోరల్స్‌కి సరిపోతుంది, కానీ రెండో వాడకానికే మర దగ్గర నారింజరంగు తుప్పు తేలింది. పెట్టె మీద మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్ అనే ఉంది! ఉప్పునీళ్లలో ముంచిన ప్రతిసారీ ఆర్‌వో నీళ్లతో కడిగి, స్ప్రింగ్ సందుల్లో హెయిర్ డ్రయర్‌తో ఆరబెడుతున్నాను, కట్టర్ వరకు ఇంకా బాగానే ఉంది. గ్లూ అయితే నీళ్లలా కారిపోయే రకం, పారేయండి. జెల్‌లా ఉండే సయనోఅక్రిలేట్ గ్లూ విడిగా కొనుక్కోండి. ముక్క అడుగుని తుడిచి, గ్లూ ముద్ద పెట్టి, సిరామిక్ ప్లగ్ (ముక్కని నిలబెట్టే చిన్న దిమ్మ) మీద కొంచెం తిప్పుతూ నొక్కాలి. నీళ్ల అడుగున అతికిస్తుంటే గ్లూ పైన పొర కట్టేస్తుంది, ఆ పొర చిట్లేలా తిప్పకపోతే పొద్దున్నకి ముక్క ఇసుకలో ఉంటుంది. లెదర్ ముక్కలకి వాటి ఒంటి మీది జిగట వల్ల గ్లూ పట్టదు, రబ్బరు బ్యాండుతోనో వలగుడ్డతోనో కట్టాలి. లెదర్ కోసిన రోజు ఫిల్టర్లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేసి కొంత నీరు మార్చండి, అది వదిలే రసాయనాలు మిగతావాటికి పడవు.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. పెద్ద కటింగ్ చేసి గట్టి కోరల్స్‌ని ట్యాంక్ నుంచి బయటికి పంపేశాక ఆల్కలినిటీ (అస్థిపంజరం కట్టుకోవడానికి కోరల్స్ నీళ్లలోంచి తీసుకునే క్షారగుణం) వాడకం పడిపోతుంది. దాన్ని భర్తీ చేసే ద్రావణాన్ని డోసింగ్ పంపు మాత్రం పాత లెక్కనే పోస్తూ ఉంటుంది, 8.5 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే ప్రమాణం) దగ్గర నిలబడ్డది మెల్లగా ఎగబాకుతుంది. అందుకే కటింగ్ తర్వాత కొన్నాళ్లు రోజూ టెస్ట్ చేసి డోసు తగ్గించుకోవాలి.

హైదరాబాద్, వైజాగ్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లు కిట్ బుక్ చేసే ముందు ఒక్క మాట. మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఎవరైనా రహస్యంగా అమ్ముతున్నా కొనకండి.

ఇక్కడైతే కోసిన ముక్కలకు గిరాకీ ఉంది. మా దగ్గరి షాపువాళ్లు టార్చ్ ఫ్రాగ్ (కోసిన ముక్క) తెస్తే చూసీచూడగానే తీసుకుని స్టోర్ క్రెడిట్ రాసిస్తారు, గ్రీన్ స్టార్ పాలిప్స్ అనే రకం అంటే మాత్రం ఊరికే ఇస్తామన్నా వద్దని చేతులు జోడిస్తారు.