పికప్ వెనక యాక్సిల్ మూడున్నరేళ్ల అనుభవం, ఒక బైండింగ్ వైరు ముక్క

మా డీజిల్ జీపుకు వెనక యాక్సిల్, అంటే వెనక చక్రాలను తిప్పే ఇరుసు, మొత్తంగా తీయించి పికప్ బండిది వేయించి మూడున్నరేళ్లు దాటింది. 2011 నాటి బండి. ఒడిశాలోని మా కొరాపుట్ జిల్లాలో ఏ వారపు సంతకు వెళ్లినా అటువంటివి అరడజను కనిపిస్తాయి కనుక దాని గుణగణాలను ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. నేను జయపురంలో చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతున్నాను. నెలకు మూడు నాలుగు సార్లు ఖాళీ బండితో సుంకి ఘాట్ దిగి విజయనగరం వెళ్లి, వెనక సీట్లు మడిచి వైరు చుట్టలూ నీటి మోటార్లూ నింపుకుని అదే ఘాట్ ఎక్కి తిరిగి వస్తాను. దిగేటప్పుడు ఖాళీ, ఎక్కేటప్పుడు బరువు అన్న ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగిలినది తేలికగా అర్థమవుతుంది.

పాత యాక్సిల్ పాడవడంలో తప్పు పూర్తిగా నాదే. ఎడమ వైపు ఆయిల్ సీలు కారుతున్నదని తెలిసి కూడా రెండు వానాకాలాలు నెట్టుకొచ్చాను. గేరాయిలు అడుగంటి, ఇంజను తిప్పుడును చక్రాలకు మళ్లించే క్రౌను, పినియన్ల పళ్లు అరిగి, వేగం 60 దాటితే పక్కవాడి మాట వినబడని స్థితి వచ్చింది. కొత్త పళ్లు, బేరింగులు కొని సరిచేయించే ఖర్చు కంటె, అదే కంపెనీ పికప్ బండి నుంచి తీసిన హౌసింగును (యాక్సిల్ మొత్తాన్నీ) బ్రేకు డ్రమ్ములతో సహా విశాఖ ఆటోనగర్‌లో 22,000 రూపాయలకు కొనడం లాభమనిపించింది. కమాన్ కట్టల (పట్టీ స్ప్రింగుల) మీద కూర్చునే చోటు, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టు రంధ్రాలు సరిగ్గా కలిశాయి. మాది నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే రకం కాదు. అదే అయి ఉంటే ముందు, వెనక యాక్సిళ్ల పళ్ల నిష్పత్తి ఒకటే కావాలి కనుక ఈ ఆలోచనే చేయకూడదు.

మొదటి నెలల్లో నా సంతోషానికి హద్దు లేదు. రొద పోయింది. ఇంతకు ముందు రెండో గేరు అడిగే ఎక్కుడును బండి మూడో గేరులో లాగింది. మైలేజీ లీటరుకు 13 దగ్గరే నిలిచింది. అన్నిటికంటె ముఖ్యంగా, బరువుతో వచ్చేటప్పుడు బ్రేకు పట్టు ఎంత బాగుండేదంటే, యాక్సిల్ ఎక్కించిన షెడ్డుకు నేనే మరో ఇద్దరిని పంపించాను. ఆ సిఫారసు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

2022 జూలైలో ఒక ఉదయం, పొట్టంగి దాటాక సన్నని జల్లు పట్టుకుంది. సుంకి ఘాట్ దిగుతుండగా ఒక మలుపు తిరిగేసరికి టైరు మార్చుకోవడానికి ఆగిన లారీ, దాని వెనక రోడ్డు మీద హెచ్చరికగా పరిచిన చెట్టు కొమ్మ కనిపించాయి. నా వేగం 35 కంటె ఎక్కువ లేదు. బ్రేకు తొక్కాను. ముందు భాగం ఆగుతున్నట్టే ఉంది కానీ వెనక భాగం మెల్లగా, ఏ తొందరా లేకుండా, లోయ వైపు తిరగసాగింది. నేను స్టీరింగు తిప్పిన దిక్కుకూ బండి ముక్కు చూస్తున్న దిక్కుకూ పొంతన లేదు. బ్రేకు మీద నుంచి కాలు తీయాలన్న తెలివి నాకు రాలేదు. తడిసిన చెప్పు జారి కాలే తప్పుకుంది. దానితో వెనక చక్రాలు మళ్లీ దొర్లి, బండి ఒక్క ఊపు ఊగి దారికి వచ్చింది. మళ్లీ తొక్కితే లారీకి బారెడు దూరంలో ఆగింది. పక్కన కూర్చున్న మా బావమరిది సాలూరు వచ్చే వరకు నోరు విప్పలేదు.

షెడ్డువారిని అడిగితే టైర్లు అరిగాయన్నారు. కొత్త టైర్లు వేయించాను. పొడి రోడ్డు మీద కొంత తేడా తెలిసింది, తడిలో ఏమీ తెలియలేదు. చివరకు సాలూరులో లారీల పని చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరకు వెళ్లాను. ఆయన టైర్ల వంక చూడనైనా చూడకుండా బండి కిందకు దూరి, ఫోను టార్చి వేసి, నన్ను కూడా వంగి చూడమన్నాడు. “బాబూ, బండిలో బరువుందో లేదో సెప్పేది ఈ రాడ్డే. దీని నోరు కట్టీసినారు” అన్నాడు.

ఛాసిస్‌కు బిగించి ఉండే ఒక చిన్న వాల్వు నుంచి యాక్సిల్‌కు ఒక సన్నని రాడ్డు దిగుతుంది. మెకానిక్కులు ఆ వాల్వును ఎల్‌ఎస్‌పీవీ (లోడ్ సెన్సింగ్ ప్రొపోర్షనింగ్ వాల్వు) అంటారు. సరుకు పడి బండి కుంగితే రాడ్డు పైకి జరిగి, వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడిని వదులుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పికప్ యాక్సిల్ మీద ఆ రాడ్డు బిగించే బ్రాకెట్టు ఎత్తు వేరు. రాడ్డు అందకపోయేసరికి షెడ్డువారు దానిని పైకెత్తి బైండింగ్ వైరుతో కట్టేశారు. అంటే వాల్వు లెక్కలో నా బండి ఎప్పుడూ నిండు బరువుతోనే ఉంది. దానికి తోడు పికప్ వీల్ సిలిండర్లు నా పాతవాటికంటె లావు కనుక అదే ఒత్తిడికి, డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు షూలను మరింత బలంగా నెడతాయి. బ్రేకు తొక్కితే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు ఎలాగూ తేలికవుతాయి. ఖాళీ బండి, దిగుడు, తడి రోడ్డు కూడా కలిస్తే అవి ముందుగా బిగుసుకోక ఏం చేస్తాయి? ముందు చక్రాలు బిగిస్తే స్టీరింగు పనిచేయకపోయినా బండి తిన్నగా జారుతుంది, వెనకవి బిగిస్తే గింగిరాలు తిరుగుతుంది. ఇరవై నిమిషాల పని తప్పించుకోవడానికి ఇంత పని చేశారన్న కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

వెల్డింగు వేడికి హౌసింగు వంకరపోతుందని మేస్త్రి బోల్టులతో పట్టే ఇనుప పట్టీ ఒకటి తయారుచేసి రాడ్డును బిగించాడు. తరువాత ఊరి బయట ఒక మిల్లు ప్రాంగణంలో నీళ్లు చల్లించి, చక్రాలకు సుద్దతో అడ్డగీతలు గీసి, 30 వేగంలో నన్ను బ్రేకు తొక్కమన్నాడు. ఏ గీత ముందు నిలిచిందో ఆయన కొడుకు పక్కన నిలబడి చూసి, “ఎనకదే బాబాయ్” అని అరిచేవాడు. రాడ్డు నట్టు అర చుట్టు తిప్పడం, మళ్లీ తొక్కడం. అయిదోసారికి ముందు చక్రాలు, వాటి వెంటనే వెనకవి ఆగాయి.

అంతటితో అయిపోలేదు. నెల తరువాత, సరుకు ఎక్కువవుతున్నదని కమాను కట్టలో అదనపు పట్టీ వేయించుకున్నాను. ఆ వారమే కొరాపుట్ నుంచి జయపురం దిగుతుంటే ముందు డిస్కుల నుంచి కమురు వాసన వచ్చింది. కట్ట గట్టిపడి కుంగడం తగ్గింది కనుక, నిండు బండిని కూడా వాల్వు ఖాళీ అనుకున్నది. మళ్లీ సాలూరు, మళ్లీ సుద్దగీతలు. ఈసారి వెనక ఎడమ డ్రమ్ము కుడిదానికంటె వేడెక్కుతున్నదని కూడా తేలింది. కరోనా నాటి నుదుటి థర్మామీటరు పెట్టి చూద్దామని ప్రయత్నించాను కానీ అది ‘హై’ అని చూపి ఊరుకుంది. నీటి చుక్కలు చిలకరిస్తే ఎడమ వైపు చుయ్యిమన్నాయి. రెండు డ్రమ్ములనూ లేతులో వేర్వేరు కొలతలకు కోసి ఉన్నారు. డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ కొలత దాటకుండా రెండింటినీ సమానం చేయించి, షూలు రెండు వైపులా ఒకేసారి మార్పించాను.

మైలేజీ గురించి పైన రాసిన మాట సవరించుకోవలసి ఉంది. ఈ యాక్సిల్ పళ్ల నిష్పత్తి వేరు. చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు మునుపటి కంటె ఎక్కువ చుట్లు తిరగాలి, నా బండిలో మీటరు కేబులేమో గేర్‌బాక్సు నుంచి వస్తుంది. రోడ్డు పక్క రాళ్లతో సరిచూస్తే 50 కిలోమీటర్లకు 55 చూపుతున్నది. కనుక నేను మురిసిపోయిన 13 నిజానికి 12కు లోపే. ఎక్కుడులో లాగడానికి కారణమూ అదే. రొద పోయిందన్నది నిజమే కానీ 70 దగ్గర యాక్సిలరేటరు వదిలితే సన్నని ఊళ ఒకటి ఈ ఏడాది మొదలైంది. హ్యాండ్ బ్రేకు సుంకి ఎక్కుడులో నిండు బండిని ఆపదు. సీటు కింద రాయి పెట్టుకుని తిరుగుతున్నాను.

నా మటుకు ఈ మార్పు గిట్టుబాటయింది. నాకు సాలూరు దారిలోనే ఉంది, బండి నేనే నడుపుతాను, తొందరగా వెళ్లవలసిన పని లేదు. రోజూ పదిమందిని ఎక్కించుకుని ఘాట్లు తిరిగేవారైతే సొంత మోడల్ యాక్సిలే వెతుక్కోవడం మంచిదేమో. పోయిన వారం చూస్తే రాడ్డు కింది రబ్బరు బుష్ వదులై ఆడడం మొదలైంది. వచ్చే సరుకుకు వెళ్లేటప్పుడు మేస్త్రికి చూపించాలి.