గోడ మీద కార్డులతో ఇంటి బ్రీఫ్: చాలా ఏళ్ళు వాడాక నా రివ్యూ

కట్టబోయే ఇంటికి ఏమేం కావాలో క్లయింట్‌తో కూర్చుని రాసుకోవడానికి (దీన్నే బ్రీఫ్ అంటాం) మా ఆఫీసులో వాడేది సాఫ్ట్‌వేర్ కాదు. పోస్ట్‌కార్డు సైజు అట్టముక్కలు, లావు స్కెచ్ పెన్నులు, ఖాళీ గోడ ఒకటి. కార్డుకి ఒక్క విషయం, దూరం నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. మాది హైదరాబాద్‌లో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు. ఎక్కువగా ఇండిపెండెంట్ ఇళ్ళు, అప్పుడప్పుడు ఒక క్లినిక్కో స్కూలో చేస్తుంటాం. ఏళ్ళ తరబడి ఈ పద్ధతి వాడుతున్నాను కాబట్టి లోపాలతో సహా చెప్తాను.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో టెక్సాస్‌కి చెందిన కాడిల్ రౌలెట్ స్కాట్ అనే సంస్థ స్కూళ్ళు, ఆసుపత్రులు కట్టేటప్పుడు దీన్ని తీర్చిదిద్దింది. అందులో ముఖ్యుడు విలియం పేన్యా. వాళ్ళ పద్ధతికి ఐదు మెట్లు: లక్ష్యాలు, వాస్తవాలు, ఆలోచనలు, అవసరాలు, చివరికి సమస్య ఏమిటో తేల్చి రాయడం. అది తేలేదాకా గీత గీయరు. మన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిబంధనల్లో కూడా క్లయింట్ అవసరాలు తెలుసుకుని, బ్రీఫ్ తయారుచేసి, ఒప్పించుకోవడమే మొదటి దశ. కాగితం మీద అలా ఉందిగానీ, మనదగ్గర మొదటి మీటింగ్‌లోనే "ప్లాన్ ఎప్పుడిస్తారు సార్?" అని అడుగుతారు. వేరే ఆఫీసులో రేపే ఇస్తామన్నారని కూడా కలుపుతారు.

కార్డుల అసలు బలం ఇంట్లోవాళ్ళ మధ్య ఉన్న తేడాలు ముందే బయటపడటం. క్లయింట్ అంటే ఒక మనిషి అనుకుంటాం గానీ ఇంటి విషయంలో కనీసం నలుగురు ఉంటారు. మాట్లాడేది మాత్రం ఒక్కరే, సాధారణంగా డబ్బు పెట్టేవాళ్ళు. అందుకే ముందు కాసేపు ఎవరూ మాట్లాడకుండా తలా కొన్ని కార్డులు రాయాలని రూలు పెట్టాను. ఇంకో రూలు: రాసినవాళ్ళు తప్ప ఆ కార్డుని ఎవరూ గోడ మీద నుంచి తీయకూడదు.

ఒక కుటుంబంలో డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో ఉన్న కొడుకు "ఓపెన్ కిచెన్" అని రాయించాడు. వాళ్ళమ్మగారు ఆ మీటింగంతా ఏమీ అనలేదు. ఆవిడ కార్డులో మాత్రం "తాలింపు వేస్తే హాల్లో ఎవరూ దగ్గకూడదు" అని ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే కొడుకు రాసింది ఆలోచన, తల్లి రాసింది అవసరం. ఓపెన్ కిచెన్ ఎందుకని అడిగితే, సెలవులకి వచ్చినప్పుడు అమ్మ ఒక్కతే లోపల ఉండిపోతుంది, మాట్లాడటానికి కుదరదు అన్నాడు. అంటే అతని అవసరం అమ్మ కనబడటం. హాలుకీ వంటింటికీ మధ్య గాజు స్లైడింగ్ తలుపు, వేపుళ్ళకి వెనకాల యుటిలిటీలో రెండో పొయ్యి అనుకున్నాం. ప్లాన్ గీశాక ఈ గొడవ వచ్చి ఉంటే ఎవరో ఒకరు సర్దుకుపోయేవారు, అది ఎవరో చెప్పక్కర్లేదు.

రెండోది బ్రౌన్ పేపర్. ఇది కూడా ఆ టెక్సాస్ సంస్థదే. ఒక్కో గదినీ స్కేలు ప్రకారం కత్తిరించి గోధుమ రంగు కాగితం మీద అంటించాలి. నేను అంగుళానికి నాలుగు అడుగులు పెట్టుకున్నాను. 12 బై 14 బెడ్‌రూమ్ మూడు అంగుళాలకి మూడున్నర అంగుళాల ముక్క అవుతుంది. క్లయింట్లకి అంకెలు చెప్తే బుర్రకెక్కవు, ముక్కలు చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. పూజగదిని పెంచమన్నప్పుడల్లా ఆ జాగా దేంట్లోంచి తీయాలో వాళ్ళే వెతుక్కుంటారు. ఎక్కువగా వంటింటి మీదే పడతారు. డైనింగ్ విడిగా ఉన్నా వంటింటికి కనీసం 5 చదరపు మీటర్లు, అంటే సుమారు 54 చదరపు అడుగులు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెప్తుంది. అంత ముక్కని ఎర్ర రంగులో ముందే అంటించి పెడతాను, అంతకంటే కిందికి బేరం లేదని.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. 12 బై 14 బెడ్‌రూములు రెండు, 11 బై 12 ఒకటి, 14 బై 20 హాలు, 12 బై 12 డైనింగ్, 10 బై 12 వంటిల్లు, 5 బై 6 పూజ, 5 బై 8 బాత్‌రూములు మూడు కలిపితే 1,162 చదరపు అడుగులు. క్లయింట్ ఈ అంకెనే చదరపు అడుగు రేటుతో గుణించుకుని వస్తాడు. మేస్త్రీ లెక్కగట్టేది స్లాబ్ ఏరియా మీద. గోడలు, మెట్లు, నడవా కలిపితే నా అనుభవంలో మరో మూడో వంతు పెరుగుతుంది, అంటే దాదాపు 1,550. ఆ నాలుగు వందల అడుగులు ఎక్కడికి పోయాయని పునాదులు పడ్డాక అడిగించుకోవడం కన్నా కార్డుల దగ్గరే అడిగించుకోవడం మేలు.

వాస్తు విషయంలో మాత్రం అసలు పద్ధతిని మార్చుకోక తప్పలేదు. ఆగ్నేయంలో వంట, నైరుతిలో పెద్ద పడకగది, ఈశాన్యంలో మెట్లు గానీ బాత్‌రూమ్ గానీ వద్దు. నా నమ్మకంతో దీనికి పనిలేదు, స్థలం కొలతల్లాగే వాటినీ వాస్తవాల వరసలో పెట్టేస్తాను. వాస్తు చూసే పెద్దాయన ఎవరో మొదటిరోజే పేరు రాయించుకుని ఆయన్నీ పిలుస్తాను. ఆయన రాకుండా బ్రీఫ్ ముగిస్తే స్లాబ్ సెంట్రింగ్ కొడుతుండగా దిగుతాడు.

ఇక చిరాకులు. వీడియో కాల్‌లో గోడ సరిగ్గా కనబడదు, అమెరికాలో ఉన్నవాళ్ళకి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాల్సిందే. వానాకాలంలో టేపు ఊడిపోతుంది, ఎండాకాలంలో గోడ పెయింటుని ఊడదీస్తుంది. పెద్ద ఇబ్బంది బడ్జెట్. ఎంత పెట్టగలరో బంధువుల ముందు ఎవరూ నిజం రాయరు. ఆ ఒక్క కార్డు మాత్రం కవర్లో పెట్టి విడిగా ఇవ్వమంటాను, అప్పుడు కూడా కొంత దాస్తారు. ఈ శ్రమకి విడిగా ఫీజు అడిగితే ఇచ్చేవాళ్ళు తక్కువ. "మాట్లాడటానికి కూడా డబ్బులా సార్?" అన్నవాళ్ళు ఉన్నారు.

చివర్లో కార్డులన్నిటినీ రెండు పేజీల్లోకి దించి, ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి సంతకాలూ తీసుకుంటాను. కోర్టుకి వెళ్ళడానికి కాదు. ఒక ఇంట్లో "లిఫ్ట్ ఇప్పుడు వద్దు, జాగా ఉంచండి" అని పెద్దాయన రాసిన కార్డు ఆ పేజీల్లోకి ఎక్కింది. మెట్ల పక్కన 5 బై 5 ఖాళీ వదిలి, అంతస్తుకొకటి చొప్పున స్టోర్ రూముగా వాడుకోమన్నాం. తర్వాత ఆయనకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు బీములు కొట్టే పని లేకుండా లిఫ్ట్ దిగింది. ఆ కార్డు పెట్టినప్పుడు కొడుకులిద్దరూ జాగా వృథా అన్నారు.

అందరికీ ఇది అక్కర్లేదు. వంద గజాల్లో కింద అద్దె పోర్షన్, పైన సొంతం అనుకునేవాళ్ళకి స్థలమే సగం ప్లాన్ నిర్ణయించేస్తుంది. వాళ్ళకి ఒక ఏ4 కాగితం, ఒక సాయంత్రం చాలు. ఉమ్మడి కుటుంబాలకీ, అన్నదమ్ములు కలిసి కట్టుకునేవాళ్ళకీ, ట్రస్టు సభ్యులు ఎక్కువగా ఉన్న స్కూళ్ళకీ మాత్రం కార్డులు లేకుండా నేను పని మొదలుపెట్టను. కొత్తగా ప్రయత్నించేవాళ్ళు కార్డులు రెండు రంగుల్లో కొనండి. కావాల్సినవి ఒకటి, వద్దనుకున్నవి ఇంకొకటి. వద్దనుకున్నవి రాయమంటే మనవాళ్ళు తడుముకోరు.