ట్రైసూటా, టాప్-షార్ట్సా? జర లావున్నోళ్ల కోసం

స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల ఉరుకుడు, అన్నీ ఒక్క జత బట్టల్లనే కానియ్యాలె అక్కా. టాపు, షార్ట్స్ కలిపి ఒక్కటే కుట్టిన వన్‌పీస్ ట్రైసూట్ నీళ్లల్ల పైకి జరగదు, నడుం కాడ ఎలాస్టిక్ కోసుకపోదు, కానీ నా అసొంటి లావు మనిషి తడిసినంక బాత్రూంకి పోవాలంటే భుజాల కెల్లి మొత్తం ఊడదియ్యాలె, మళ్లా ఎక్కియ్యాలంటే పానం పోతది.

టూపీస్‌ల ఆ గోస లేదు, పైకి ఒక సైజు కిందికి ఒక సైజు తీసుకోవచ్చు, కానీ టాపే పొట్ట మీదికి ఎగబాకుతది. నేనైతే పొడుగు టాప్, తొడ సగం దాటే ట్రై షార్ట్స్ తీసుకున్న. దీంట్ల సీటు మీద కూసునే కాడ ఉండే ప్యాడ్ సన్నగుంటది, మామూలు సైకిల్ షార్ట్స్‌ల మందం ప్యాడైతే నీళ్లు తాగి డైపర్ లెక్క వేలాడుతది. వరంగల్ల భద్రకాళి బండ్ మీద తడి బట్టలతోనే ఉరికి చూసిన, తొడలు ఒరుసుకోలే, బ్రా అంచు కిందనే మంట, అక్కడ వ్యాజిలిన్ రాస్తున్న.