గోధుమరంగు ఫ్రెంచ్ ఆర్మీ బూట్లు కొనేముందు సోలు ఫోటో అడగండి

రెండు బకిళ్ల గోధుమరంగు రేంజర్ బూట్లను ‘1952 మోడల్, అల్జీరియా యుద్ధం నాటివి’ అని ఎవరైనా అమ్ముతుంటే, దయచేసి వెంటనే డబ్బు పంపకండి. నాకు 140 యూరోలు పోయాయి.

మాది యానాం. తాతగారు ఫ్రెంచ్ సైన్యంలో పనిచేసి అల్జీరియా వెళ్లొచ్చారు. ఆయన తొడిగిన రకం జత ఒకటి ఇంట్లో ఉంచుకోవాలని, ఫ్రాన్సు వచ్చినప్పటి నుంచీ వెతుకుతున్నాను. ఆన్‌లైన్‌లో కనిపించగానే ఆగలేకపోయాను. పైనుంచి, పక్కనుంచి తీసిన ఫోటోలు బోలెడు ఉన్నాయి కానీ సోలుది ఒక్కటీ లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

పెట్టె తెరవగానే గుప్పున పెయింటు వాసన. దూదిని అసిటోన్‌లో ముంచి మడమ దగ్గర రుద్దితే గోధుమరంగు పొరలా లేచి వచ్చింది, కింద నల్లటి తోలు. కుట్టు రంధ్రాల్లోనూ నలుపే. తిరగేసి చూస్తే సోలు అంచు చుట్టూ కుట్టే లేదు, రబ్బరును నేరుగా తోలుకు పోతపోశారు. అది 1965 మోడల్ పద్ధతి. అల్జీరియా యుద్ధం ముగిసిందే 1962లో! తయారీ ముద్ర ఉండాల్సిన చోట గరుకు కాగితంతో గీకేసిన గుర్తులు వేలికి తగులుతున్నాయి.

ఒక్క మాట. నల్లగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. గోధుమరంగులో ఇచ్చిన 1952 జతల్ని తర్వాత సైన్యమే చాలావరకు నల్లగా మార్పించింది. నలుపు మీద గోధుమరంగు కనిపిస్తేనే అనుమానించాలి. 1965 రకం నల్ల బూట్లయితే సర్‌ప్లస్ షాపుల్లో (సైన్యం వదిలేసిన సరుకు అమ్మే చోట్ల) చవకగానే దొరుకుతాయి, వాటికి ఇంత ధర పెట్టక్కర్లేదు.

వాపసు అడిగితే జవాబు లేదు. ఆన్‌లైన్ కొనుగోలును 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఇక్కడ వ్యాపారి దగ్గర కొంటేనే వర్తిస్తుంది, సొంత వస్తువు అమ్ముకునే మామూలు మనిషికి వర్తించదు. అందుకే సోలు అంచు, లోపలి ముద్ర, బకిల్ పట్టీ వెనక వైపు, ఈ మూడింటి ఫోటోలు పగటి వెలుతురులో తీసి పంపమనండి. పంపకపోతే వదిలేయండి.

నిన్న చూశాను. అదే మనిషి, అదే చెక్క నేల మీద, ఇంకో గోధుమరంగు జత అమ్మకానికి పెట్టాడు. ఈసారి 43 సైజు.