ఏడేళ్లుగా మా ఇంట్లో గ్రే ప్యారట్: మాట్లాడే చిలుకని పెంచాలనుకునేవాళ్లకి

మా కిట్టు ఆఫ్రికన్ గ్రే ప్యారట్, అంటే బూడిదరంగు చిలుక. 2018 చివర్లో మూడు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చింది. విశాఖ సీతమ్మధారలో రెండో అంతస్తులో ఉంటాం. అమ్మ, నేను, అది, ముగ్గురమే. ‘మేమూ మాట్లాడే చిలుకని తెచ్చుకుందామనుకుంటున్నాం, ఎలా ఉంటుంది?’ అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగింది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అందరూ అడిగేది మాటల గురించే కాబట్టి ముందు అదే చెప్తాను. మొదటి పదకొండు నెలలు కిట్టు ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దునా సాయంత్రం పంజరం ముందు కూర్చుని ‘రామ రామ’, ‘నమస్కారం’ అని నేర్పేవాణ్ణి. అది తల పక్కకి వాల్చి వినేది, అంతే. ఇది మాట్లాడే పక్షి కాదేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. తర్వాత రాత్రి లైటు తీసేశాక పంజరంలోంచి సన్నగా గొణుగుడు వినిపించడం మొదలైంది. పరీక్షల ముందు పిల్లలు పాఠం లోలోపల వల్లె వేసుకున్నట్టు ఉండేది. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి తాళం తీస్తుంటే లోపల్నుంచి ‘ఏట్రా, తిన్నావా?’ అని అమ్మ గొంతు. అమ్మ చూస్తే గుళ్లో ఉంది. అచ్చం ఆవిడ నరసన్నపేట యాస, ‘తిన్నావా’ దగ్గర ఆ సాగదీతతో సహా. ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ రోజూ అడిగే మాట అది. నేను నెలల తరబడి నేర్పిన ‘నమస్కారం’ మాత్రం ఈరోజు వరకూ అనలేదు.

దీన్నిబట్టి నాకర్థమైంది ఏంటంటే, దాని ముఖం మీదకి వంగి పదే పదే అనడం కంటే, ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు ప్రాణం పెట్టి మాట్లాడుకునే మాటలే దాని చెవికి ఎక్కుతాయి. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977 నుంచి ముప్ఫై ఏళ్లపాటు అలెక్స్ అనే గ్రే ప్యారట్‌తో పనిచేశారు. ఆవిడ పద్ధతీ ఇలాంటిదే. పక్షి ఎదురుగా ఇద్దరు కూర్చుని, ఒకరు వస్తువు చూపించి అడిగితే రెండోవారు పేరు చెప్పి ఆ వస్తువు తీసుకుంటారు. అలెక్స్ 2007లో చనిపోయేనాటికి దానికి సుమారు వంద మాటలు వచ్చు, రంగులూ ఆకారాలూ గుర్తుపట్టి చెప్పేది. ఈ సంగతి చదివాక నేనూ అమ్మా ప్రయత్నించాం. నేను జామకాయ పైకెత్తి ‘ఏంటమ్మా ఇది?’ అంటే అమ్మ ‘జాంకాయ’ అనేది, ఒక ముక్క తినేది. మూడు వారాలకి కిట్టు ఊచలకి అతుక్కుని ‘జాంకాయ్, జాంకాయ్’ అని అడగడం మొదలుపెట్టింది. అది మాట్లాడబోయే ముందు కళ్లు చూడాలి. పసుపు రంగు కంట్లో నల్లపాప చుక్కంత చిన్నదై, మళ్లీ పెద్దదై, మళ్లీ చిన్నదవుతుంది. ఆ కళ్లు చూస్తే మాట వస్తోందని మాకు తెలిసిపోతుంది.

చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం నోరు విప్పదు. ‘ఏదీ, మాట్లాడించు’ అంటారు, నేను మొహమాటపడతాను, అది ఒంటికాలి మీద నిలబడి చూస్తుంది. వచ్చినవాళ్ల ముందు మాట్లాడించడానికే కొనాలనుకుంటే కొనకండి. మాటలు కాక చప్పుళ్లు వేరే. కుక్కర్ విజిల్‌ని దించేస్తుంది. దాని మూడో విజిల్ నమ్మి అమ్మ స్టవ్ కట్టేయడంతో రెండుసార్లు అన్నం పలుకైపోయింది. ఇప్పుడు అమ్మ కుక్కర్ దగ్గరే నిలబడుతుంది. పొద్దున్నే, మళ్లీ సందెవేళ ఓ పావుగంట అరుపులు ఖాయం. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇక కష్టమైన సంగతి. 2021లో నాకు నైట్ షిఫ్ట్ పడింది. అదే సమయంలో చెల్లి రెండో పురుటికని అమ్మ హైదరాబాద్ వెళ్లింది. రెండు నెలలపాటు కిట్టు రాత్రంతా ఒంటరిగా ఉండేది, పగలు నేను నిద్రపోయేవాణ్ణి. ఒకరోజు పంజరం అడుగున కాగితం మీద ఐదారు బూడిదరంగు ఈకలు కనిపించాయి. ఈకలు మార్చుకుంటోందనుకున్నాను. వారానికి ఛాతీ మీద రూపాయి బిళ్లంత మేర గులాబీరంగు చర్మం బయటపడింది. ముక్కుతో తనే పీక్కుంటోంది. మొదట తీసుకెళ్లిన క్లినిక్‌లో కనీసం బరువు కూడా చూడకుండా, పురుగులని చెప్పి పొడి రాసిచ్చారు. తగ్గలేదు. పక్షుల్ని బాగా చూస్తారని ఒకరు చెబితే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ‘రోజుకి ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటోంది?’ తూకం వేస్తే 440 గ్రాములుండే పక్షి 388కి వచ్చేసింది. రక్తపరీక్షలో కాల్షియం తక్కువ. గ్రే ప్యారట్లలో ఇది తరచూ కనిపించే లోపమట. అప్పటిదాకా నేను పెట్టిన తిండి ముప్పావు వంతు పొద్దుతిరుగుడు గింజలే.

ఆ రోజు నుంచి తిండి మార్చేశాం. పొద్దున మునగాకు, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, పెసర మొలకలు, జామ ముక్క. వారానికోసారి ఉడికించిన గుడ్డు పెంకుతో సహా. పచ్చిమిర్చి కూడా ఇష్టంగా తింటుంది, పక్షులకి కారం తెలియదు. గింజలు చివర్లో, గుప్పెడు లోపే. అవకాడో, చాక్లెట్ వాటికి విషం. పొద్దున అరగంట బాల్కనీ ఎండలో పెడతాం. కాల్షియం ఒంటబట్టాలంటే నేరుగా తగిలే ఎండే కావాలి, కిటికీ అద్దంలోంచి వచ్చేది చాలదు. షిఫ్ట్ మార్పించుకున్నాను, జీతంలో కొంత తగ్గింది. ఈకలు మొలవడానికి ఏడాది పట్టింది. ఛాతీ మధ్యలో ఒక చోట ఇప్పటికీ రాలేదు. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

విశాఖలో పెంచేవాళ్లకి ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు. సముద్రపు తేమకి వేరుశనగలు, గింజలు చూస్తుండగానే బూజు పడతాయి, ఆ బూజు పక్షుల ఊపిరితిత్తులకి ప్రమాదం. కిలోల్లో కొనకుండా పది రోజులకి సరిపడా తెచ్చి గాజుసీసాలో పెట్టుకోండి. రెండోది సీలింగ్ ఫ్యాన్. కిట్టు రెక్కలు మేం కత్తిరించలేదు, రోజూ మూడు నాలుగు గంటలు హాల్లో ఎగురుతుంది. మే నెల ఉక్కపోతలో అలవాటుగా చెయ్యి స్విచ్ మీదకి పోతుంది. అందుకే హాల్లో ఫ్యాన్ స్విచ్‌కి అడ్డంగా అట్టముక్క అంటించాం. ఇక ఏ ఊళ్లో ఉన్నా, నాన్‌స్టిక్ గిన్నెలు ఇంట్లోంచి తీసేయండి. అవి మాడితే వచ్చే పొగకి పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది. మేం దోసెలకి మళ్లీ ఇనప పెనం తీశాం. దాని ఒంటి మీంచి తెల్లటి పొడి కూడా రాలుతూ ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ జాతి వద్దు.

ఖర్చు విషయానికొస్తే, పంజరానికి పద్నాలుగు వేలు, తిండికీ కొరికి పారేసే కొయ్యబొమ్మలకీ కలిపి నెలకి రెండున్నర వేలు అవుతున్నాయి.

‘ఇంత డబ్బెందుకు, రామచిలుకని తెచ్చుకోవచ్చుగా’ అనేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం అన్నీ నేరమే. చిన్నప్పుడు భీమిలిలో అమ్మమ్మ ఇంటి అరుగు మీద ఒకటుండేది, రెక్కలు కత్తిరించి. చెట్టు మీంచి గుంపు అరిచినప్పుడల్లా అది పంజరం పైకప్పుకి వేలాడి బదులు అరిచేది. అప్పుడు మాకది ముచ్చటగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. గ్రే ప్యారట్ల పరిస్థితీ గొప్పగా లేదు. ఆఫ్రికా అడవుల్లో లెక్కలేనన్ని పట్టేయడంతో 2017 నుంచి అడవిలో పట్టిన గ్రే ప్యారట్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. కాబట్టి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లని, కాలికి రింగుతో, కాగితాలతో ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించడం తప్పనిసరి. మాది చేయించాం.

ఇంకొక్కటి. ఇవి నలభై ఏళ్లు, బాగా చూసుకుంటే అంతకన్నా ఎక్కువే బతుకుతాయి. నాకు నలభై ఆరు. లెక్క వేసుకుంటే నా తర్వాత కూడా కిట్టు ఉంటుంది. ఆ పక్షిని ఇంటికి తెచ్చినరోజు నేనిది ఆలోచించలేదు, ఆలోచించాల్సింది. మా మేనకోడలికి పదకొండేళ్లు. చెల్లివాళ్లు నిరుడు ఈ ఊరికే వచ్చేశారు, ఆదివారాలు పిల్ల మా ఇంటికి వస్తుంది. కిట్టు ఎనిమిది నెలలు దాన్ని దగ్గరికి రానివ్వలేదు, ఒకసారి వేలు కొరికింది కూడా. పిల్ల ఏడ్చింది, మళ్లీ వారం మళ్లీ వచ్చి జాంకాయ పట్టుకుని కూర్చుంది. పోయిన ఆదివారం కిట్టు కొయ్య మీద మెల్లగా పక్కకి జరిగి, పిల్ల వేలి దగ్గరికి వచ్చి, మెడ ఈకలు రిక్కించి తల వంచింది, గోకమని. ఏడేళ్లలో అమ్మ ముందూ నా ముందూ తప్ప ఇంకెవరి ముందూ అది తల వంచలేదు.